మర్యం బీబీ పాటకు గాలి

కిషన్‌బాగ్ మొహియుద్దీన్ వృత్తి గాలి. బేగంబజార్‌లో గిన్నెలకు కళాయి వేసేవాళ్ల కొలిమి తిత్తి ఊది ఊది అతని భుజాలు తలుపుల్లా తయారయ్యాయి. పందొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో చాంద్రాయణగుట్ట దారిలోని ఒక చిన్న చర్చివాళ్లు ఆ భుజాలను చూసి కొలువిచ్చారు. అక్కడి ఆర్గన్ వెనక ఒక చెక్క అడ్డం, దాని చాటున ఒక పిడి. పిడి కొడితే తిత్తులు నిండుతాయి. అవతల బాబురావు మాస్టారు మెట్లు నొక్కితే సంగీతం పుడుతుంది. పేరు మాస్టారుది, చెమట మొహియుద్దీన్‌ది. లోకంలో సంగీతమంతా ఇలాగే నడుస్తుందని అతని నమ్మకం.

"గా చర్చిల నీకేం పని?" అంది భార్య నూరున్నీసా.

"మర్యం బీబీ, అదే వాళ్ల మరియమ్మ మీద దువా పాడుతరే. బీబీ మనకు గాదా?"

నూరున్నీసా పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది. అంచేత ఆ పూట రొట్టె మాడింది.

ఆ ప్రార్థనకు ఎప్పుడో పోయిన జర్మనీ దొర ఒకాయన బాణీ కట్టాడట. మాటలు లాటిన్. పాడేది బడి పంతులమ్మ సుశీల. చెక్క అడ్డంగా ఉండడం వల్ల ఆమె పాడుతుండగా మొహియుద్దీన్ ఎన్నడూ చూడలేదు; ఊపిరి మాత్రం విన్నాడు. చివరి 'ఆమెన్'కు ముందు ఆమె దమ్ము తీసుకునేటప్పుడు పిడిని సగంలో ఆపి, ఆ తర్వాత నిండుగా దించేవాడు.

"నువ్వు ఊదితేనే నాకు దమ్ము చాలుతది భాయ్," అనేది సుశీల.

"నోరు నీది, చెయ్యి నాది టీచరమ్మా. హిస్సా బరాబర్."

నలభై రెండు వేసవిలో సుశీల టైఫాయిడ్‌తో పోయింది. ఆ తర్వాత బాబురావు బాణీ ఒక్కటే వాయించేవాడు. అయినా ఆమెన్‌కు ముందు ఆ ఊపిరి మొహియుద్దీన్ మెడ పక్కనే, చల్లగా వినబడేది. అతను మర్యాదగా పిడి ఆపేవాడు. దానికి భయపడలేదు. భయపడింది మోటారు సంగతి తెలిసినప్పుడే.

"కరెంటు మోటరొస్తున్నది," అన్నాడు బాబురావు. "ఇంక ఫికర్ లేకుంట ఇంట్ల కూసో."

"సార్, మోటరు దమ్ము కోసం ఆగుతదా?"

"ఎవరి దమ్ము?"

మొహియుద్దీన్ పిడికి అంటిన దుమ్ము తుడిచాడు. చెబితే కొలువుతో పాటు మతి కూడా పోయిందంటారు. తను పోతే ఆమెకు గాలి ఎవరిస్తారన్నదే అతని దిగులు.

ఆదివారం పగలు మోటారుకు ప్రారంభోత్సవం జరిగింది. దానికి పూలదండ కూడా వేశారు. ఇన్నేళ్లలో మొహియుద్దీన్‌కు ఆ గౌరవం దక్కలేదు. చివరిసారి పాట విందామని వచ్చి, చెప్పులు విడిచి, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బాబురావు ఆ ప్రార్థనే ఎత్తుకున్నాడు. సగంలో కరెంటు పోయింది.

మోటారు ఆగింది. ఆర్గన్ ఆగలేదు.

"శభాష్ మొహియుద్దీన్! టైముకు అందుకున్నవ్," అన్నాడు బాబురావు వెనక్కి చూడకుండా.

"నేనీడ ఉన్న సార్."

బాబురావు మెడ గుమ్మం వైపు తిరిగింది. వేళ్లు మాత్రం మెట్లను వదల్లేకపోయాయి. చెక్క వెనక పిడి కిర్రుమంటోంది, అలవాటు లేని చేయి కొడుతున్నట్టు తడబడుతూ. బాణీ ఉంది, గొంతు లేదు. ఊదే పని తన మీద వేసుకుని, పాడడానికి ఆమెకు దమ్ము మిగలడం లేదని మొహియుద్దీన్‌కు అర్థమైంది.

చెక్క చాటుకు వెళ్లాడు. అక్కడ ఎవరూ లేరు. పిడి దానంతట అదే లేచి పడుతోంది. సలాం చేశాడు.

"టీచరమ్మా, జర పక్కకు జరుగు. గిది నా నౌకరి."

పిడి ఆగింది. పట్టుకుంటే మంచుగడ్డలా ఉంది. నిండుగా దించాడు. ఆమెన్‌కు ముందు మెడ పక్కన ఊపిరి వినబడగానే సగంలో ఆపాడు. ఈసారి బాబురావు చేతులు కూడా ఆగాయి.

తర్వాత ఆ గొంతు వచ్చింది. అందరికీ వినబడింది.

మర్నాడు మోటారును దండతో సహా పెట్టెలో పెట్టి మేకులు కొట్టారు. మొహియుద్దీన్ చేతులు ఆడినన్నాళ్లూ ఆ పెట్టెను ఎవరూ తెరవలేదు.