మొలతాడులోని అలుగు పెంకు

గుండె మీద రోకలిబండ పెట్టుకుని ఇన్నేళ్లూ అన్నం తిన్నాను, నిద్రపోయాను, మనవళ్లను ఆడించాను. నా భర్త పోయేదాకా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

మాది నర్సంపేట దగ్గర పల్లె. డెబ్బైల చివర సంగతి. ఒకే వాకిట్లో రెండు కాపురాలు. ఒకటి మాది, ఇంకొకటి మా మరిది సాంబయ్యది. ఆయన భార్య కొమురమ్మ నన్ను అక్కా అనేది. అప్పుడామె బాలింత. పాప ఇంకా ఉయ్యాలలోనే.

మా ఆయన చెలకలో పుట్ట తవ్వుతుంటే అలుగు దొరికింది. ఒళ్లంతా పెంకులుంటాయి దానికి. చీమలు తిని బతుకుతుంది, ఎవరి జోలికీ పోదు. భయమేస్తే ముడుచుకుంటుంది, అంతే. ముడుచుకున్నదాన్ని ముడుచుకున్నట్టే గోనెసంచిలో వేసుకొచ్చాడు. చంపితే జైలని అందరికీ తెలుసు. అయినా పెరట్లో మూడు రాళ్లు పెట్టి, మరిగే నీళ్లు పోసి పెంకులు ఊడదీశాం. అల్లం వెల్లుల్లి నూరి, కారం దట్టించి నేనే వండాను. అబద్ధమెందుకు, లొట్టలేసుకుంటూ తిన్నాను. కొమురమ్మ పథ్యంలో ఉంది, ముట్టలేదు. సాంబయ్య మల్లన్నకు మొక్కుకుని నీసు మానేశాడు. ఆయనా ముట్టలేదు.

పెంకులన్నీ పూడ్చెయ్యమన్నాడు మా ఆయన. ఒక్కటి దాచుకున్నాను. నా కొడుకు నిద్రలో దడుసుకుని ఏడ్చేవాడు. అలుగు పెంకు మొలతాడుకు కడితే దడుపు పోతుందని మా వైపు అంటారు. మా ఆయనకు కనబడకుండా రాత్రిళ్లు కట్టి, తెల్లారగానే విప్పేదాన్ని.

ఎవరు చెప్పారో ఏమో, ఒకనాడు పొద్దున్నే జంగ్లాతు వాళ్లు, అదే అడవి శాఖ వాళ్లు, వచ్చి ఇల్లు సోదా మొదలుపెట్టారు. నా కొడుకు ఒంటిమీద నూలుపోగు లేదు, పెంకు ఇంకా విప్పలేదు. పెంకు కనబడితే నా మొగుణ్ణి పట్టుకుపోతారు. తెంపాను. పొయ్యిలో పడెయ్యొచ్చు, నోట్లో పెట్టుకోవచ్చు. ఇవన్నీ తర్వాత తట్టాయి. ఉయ్యాలలో పాప గుడ్డల్లో చుట్టి ఉంది. చంటిపిల్లను విప్పి చూడరులే అనుకుని పాప మొలతాడులోకి దూర్చాను. నిజంగా అదే అనుకున్నానా? లేక దొరికినా పొయ్యేది నా మొగుడు కాదు కదా అనుకున్నానా? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

పాప ఏడిస్తే కొమురమ్మ తెచ్చి సాంబయ్య చేతికిచ్చింది. ఆయన పాప తలమీద చెయ్యి పెట్టాడు.

"నా బిడ్డ మీద ఒట్టు సారూ. నేను ముట్టలె. నా ఇంట్ల దాని పెంకు గూడ లేదు."

పాప కాళ్లు తన్నుకుంది. గుడ్డ జారింది. పెంకు బయటపడింది.

సాంబయ్య దాన్ని చూశాడు, అన్న వైపు చూశాడు. మా ఆయన నోరు తెరవబోయాడు. నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

సాంబయ్యను పట్టుకుపోయారు. దెబ్బలు తిని, కాలు ఈడ్చుకుంటూ తిరిగొచ్చాడు. తమ్ముడే దాచుకున్నాడనుకున్నాడు మా ఆయన. ఆ ఎండాకాలమే పాపకు జ్వరం వచ్చింది. దక్కలేదు.

కర్మలయ్యాక కొమురమ్మ తల చిక్కు తీస్తున్నాను. అప్పుడంది:

"అక్కా, ఆయిన ఒట్టే నా బిడ్డను తిన్నది. తల మీద చెయ్యి పెట్టి గంత అబద్ధం ఎట్లాడిండు? ఇప్పుడడిగినా నాకెరుకలేదనే అంటాండు."

"ఊకో చెల్లె. మన రాత," అన్నాను.

అప్పుడే చెప్పాల్సింది. చిక్కు తీస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత ఆమె మొగుడితో నోరు విప్పి మాట్లాడింది లేదు. పళ్లెం ముందు పెట్టి పోయేది. ఎనభైల్లో సాంబయ్య పోయిన రోజు కూడా ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను. వదినకు ఎంత ప్రేమో అన్నారు ఊళ్లోవాళ్లు.

ఇప్పుడు నేను సుబేదారిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. కొమురమ్మ ధర్మసాగర్‌లో వాళ్లన్న ఇంట్లో ఉంటుంది. చూడ్డానికి పోతే అక్కా అంటూ నా చెయ్యి వదలదు. ఆ చేతిని పట్టుకుని చెప్పే ధైర్యం ఈ వయసులోనూ రాలేదు. క్షమించమని ఎవర్నీ అడగను, అడిగే మొహం లేదు. ఒక్క మాట మాత్రం ఎక్కడో ఒకచోట బయటపెట్టకుండా చావలేను. పెంకు పెట్టింది నేను. సాంబయ్య బిడ్డ మీద వేసిన ఒట్టు నిజం.