చెప్పండి

వీధి చివర క్లినిక్‌లో డాక్టరుగారి హస్తవాసి మంచిదని పేరు. ఇస్త్రీ చొక్కా లోపలికొస్తే కుర్చీ జరిపి, కళ్లద్దాలు తీసి, "చెప్పండి" అంటారు. మాసిన చీరైతే "ఏంటి?" అంటూనే మందులు రాసేస్తారు. ఆ తేడా ఆయన ఎన్నడూ గమనించలేదు. ఇవాళ అంట్లు తోమే ముసలావిడ, నెలలుగా తగ్గని దగ్గుతో వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"కూర్చోవేం?" అన్నారు, రాస్తూనే.

"ఎందుకులే బాబూ, నేను కూర్చునేలోపు మీరు రాసేస్తారుగా!" అని నవ్విందావిడ. ఎగతాళి కాదు, ఆయన చేతివేగాన్ని మెచ్చుకుంటున్నట్టే ఉంది. డాక్టరుగారికి సిగ్గుతో చచ్చినంత పనైంది. తలెత్తడానికి ముఖం చెల్లలేదు. రాసిన చీటీ చించేసి, కుర్చీ జరిపి, కళ్లద్దాలు తీసి, మెల్లగా "చెప్పండి" అన్నారు.

ముసలావిడ గబుక్కున పక్కకు తప్పుకుని, తన వెనక ఎవరొచ్చారా అని గుమ్మంవైపు చూసింది.