రామమోహన్‌గారి తిరగేసే జబ్బు

రామమోహన్‌గారికి ఏ వస్తువునైనా తిరగేసి, అడుగున ఏ ఊళ్ళో తయారైందో చదివితే తప్ప స్థిమితం ఉండదు. కప్పు, కుర్చీ, బూటు, గొడుగు, ఏదైనా సరే, చేతికందగానే ముందు బోర్లించాలి. వాడకం సంగతి ఆ తర్వాత. ఎవరింటికైనా వెళ్తే మనుషులకంటే ముందు వాళ్ళ టేబుల్ లాంప్‌ని పలకరిస్తారు. ఆయన వస్తున్నారని తెలిస్తే అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని తెలుగువాళ్ళు పింగాణీ సామాను బీరువాలో పెట్టి తాళం వేసుకునేవారు.

ఆయన భార్య సుమతికి ఈ జబ్బు వల్ల తల కొట్టేసినట్టయిన సందర్భాలు చాలా ఉన్నాయి. కొలంబస్‌లో డాక్టర్ జగదీష్‌గారింట్లో జరిగిన భోజనం సంగతే చూడండి. జగదీష్‌గారి భార్య రాధారాణి కొత్త కంచాలు తీసి, అన్నంలో ముద్దపప్పు వడ్డించింది. కంచం చూడటం మర్చిపోయానని రామమోహన్‌గారికి అప్పుడు గుర్తొచ్చింది. బోర్లిస్తే బావుండదని ఆయనకూ తెలుసు. అందుకని కంచాన్ని నెత్తికంటే పైకెత్తి కిందనుంచి చదివారు.

"ఇంగ్లండ్‌ది," అన్నారు తృప్తిగా.

అప్పటికే పప్పన్నం జగదీష్‌గారి భుజమ్మీద ఉంది. "పప్పు మాత్రం మా ఇంట్లోనే తయారైందండీ," అన్నారాయన తుడుచుకుంటూ.

పిట్స్‌బర్గ్ గుడికి వెళ్ళినప్పుడు ఇంకో ముచ్చట. పూజారిగారు శఠగోపం తలమీద పెట్టబోతే, రామమోహన్‌గారు రెండు చేతులతో దాన్ని పట్టుకుని లోపలికి తొంగి చూశారు. పూజారిగారు లాక్కుని, "నాయనా, ఇది తిరుపతినుంచే తెప్పించాం. నన్ను నమ్ము," అన్నారు. వెనకనున్న వరస వరసంతా నవ్వింది. సుమతి తీర్థం పుచ్చుకోకుండానే కారులోకి వెళ్ళి కూర్చుంది.

అంతెందుకు, కూతురు విద్య పుట్టినప్పుడు నర్సు బిడ్డను తెచ్చి చేతుల్లో పెడితే, ఈయన మురిపెంగా ముద్దుపెట్టుకుని, ఆ వెంటనే బోర్లా తిప్పారు.

"ఏవండీ! ఏం చూస్తున్నారు?" అంది సుమతి మంచంమీంచి.

"ఏం లేదు. అలవాటు."

"దొరికిందా?"

"రాసి లేదుగానీ, ఒహాయోదే," అన్నారు గర్వంగా.

పెళ్ళయి అమెరికా వచ్చిన కొత్తలో ఈయనకు ఈ జబ్బు లేదని సుమతి ఒట్టేసి చెప్పేది. అప్పుడు వాళ్ళు బ్రిగ్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో ఉండేవారు. డెట్రాయిట్ కార్లకు రేకులు కొట్టే ఫ్యాక్టరీలో ఆయన ఇంజనీరు. ఎర్ల్ హాబ్స్ అక్కడ వెల్డింగ్ షాపుకి ఫోర్‌మన్. ఇద్దరూ మధ్యాహ్నం ఒకే బల్లమీద తినేవారు. సుమతి పెట్టిన ఆవకాయ తిని ఎర్ల్ కళ్ళు తుడుచుకుంటూ, "దీంతో ఇనుము కూడా అతుకుతుంది," అనేవాడు.

1980 చలికాలంలో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. జనం జపాన్ చిన్నకార్లకు ఎగబడుతుంటే డెట్రాయిట్ పెద్దకార్లు కొనే నాథుడు లేకపోయాడు. ఊరు ఊరంతా జపాన్ పేరెత్తితే పళ్ళు నూరేది. మరుసటేడు, ఏడాదికి ఇన్ని కార్లకు మించి పంపబోమని జపాన్ ఒప్పుకుంది. అయితే కార్లు ఇక్కడే తయారుచేస్తామంటూ ఒక జపాన్ కంపెనీ ఒహాయో మొక్కజొన్న చేల మధ్య ఫ్యాక్టరీ లేపింది. రామమోహన్‌గారికి అందులో ఉద్యోగం వచ్చింది.

ఆ సంగతి చెప్పడానికి ఆయన ఎర్ల్ ఇంటికి వెళ్ళారు. సుమతి కారులో కూర్చుని చూస్తూనే ఉంది. ఈయన రెండు ముక్కలు చెప్పారో లేదో, ఎర్ల్ తలుపు మూసేశాడు. ఈయన ఆ మూసిన తలుపుతో ఇంకా ఏదో చెప్పబోయి, ఆగి, తిరిగొచ్చారు. కొన్నాళ్ళకు ఎర్ల్ ఊరే వదిలి వెళ్ళిపోయాడని తెలిసింది. వెల్డింగ్ షాపులోవాళ్ళంతా తలో దిక్కూ పోయారు. సరిగ్గా అప్పుడే ఈయన కప్పులూ కంచాలూ తిరగెయ్యడం మొదలుపెట్టారు. జపాన్‌వాళ్ళ దగ్గర అంటుకున్న పిచ్చి అనుకుంది సుమతి.

ఆ రోజుల్లో జపాన్ పేరున్న కారు నడపటం కూడా సాహసమే. ఒకరోజు కిరాణా కొని బయటికొచ్చేసరికి, వాళ్ళ కారు తలుపుమీద ఎవరో ఎర్రరంగుతో "జపాన్‌కి పో" అని రాసిపెట్టారు.

సుమతి సంచులు కింద పెట్టేసి చుట్టూ చూసింది. రామమోహన్‌గారు వంగి అక్షరాలు పరీక్షించారు.

"మనది ఏలూరు కదా, మనల్ని జపాన్ పొమ్మంటాడేమిటి?" అన్నారు. పక్కన పడేసి ఉన్న రంగు డబ్బా తీసి తిరగేశారు. "స్పెల్లింగ్ తప్పుగానీ, సుమతీ, రంగు మంచిది. క్లీవ్‌లాండ్‌లో చేశారు."

"మీకు భయం లేదూ?"

"ఉంది. అందుకే చదువుతున్నాను."

జగదీష్‌గారిది ఇంకో వరస. ఆయన దగ్గర పడవంత డెట్రాయిట్ కారు ఉండేది. ఎవరింట్లో నలుగురు చేరినా, "ఇక్కడి ఉప్పు తింటున్నాం, ఇక్కడి కారే కొనాలి," అని ఉపన్యాసమిచ్చేవారు. ఒక ఆదివారం రామమోహన్‌గారు ఆ ఉపన్యాసం మధ్యలో లేచి బయటికెళ్ళారు. కాసేపటికి చొక్కానిండా మడ్డితో తిరిగొచ్చారు.

"డాక్టరుగారూ, మీ కారు ఇంజన్ మెక్సికోది. గేర్‌బాక్సు జపాన్‌ది. అద్దం తుడిచే మోటారు కెనడాది."

"మరి అమెరికాది ఏదీ లేదా?" జగదీష్‌గారి ముఖం పాలిపోయింది.

"ఎందుకు లేదు? టైర్లలో గాలి ఉందిగా!"

అందరూ పకపకా నవ్వారు. రామమోహన్‌గారు మాత్రం నవ్వలేదు. చెయ్యి తుడుచుకుంటూ, "మాదీ గొప్ప కాదు లెండి," అన్నారు. "బిగిస్తున్నది ఒహాయోలోనే అయినా సామానంతా ఇంకా పెట్టెల్లో ఓడెక్కి వస్తోంది. సీటు కింద ఫ్రేముతో సహా. వెధవ ఫ్రేము! ఇనప గొట్టాలు వంచి అతకడానికి సముద్రం దాటాలా?"

ఆయన కోపంతో మాట్లాడగా సుమతి వినడం అదే మొదటిసారి.

1985లో ఎండాకాలం మొదట్లో క్లీవ్‌లాండ్ దగ్గర దామోదర్ అనే స్నేహితుడి పెళ్ళికి వెళ్ళారు. స్కూలు ఆడిటోరియం అద్దెకు తీసుకుని, మడతకుర్చీలు వేశారు. టేపురికార్డరులో మంగళవాద్యం. తాళి కట్టే వేళ అందరూ అక్షింతలు పట్టుకుని లేచారు. అందరితోపాటు లేచిన రామమోహన్‌గారికి ఖాళీ అయిన తన కుర్చీ కనిపించింది. ఇంకేముంది, తిరగేశారు.

"దొరికింది!" అని హాలు దద్దరిల్లేలా అరిచారు.

ఎవరో టేపు ఆపేశారు. పెళ్ళికొడుకు చెయ్యి మధ్యలో ఆగింది. తాళిబొట్టు పోయి దొరికిందేమోనని పెళ్ళికూతురి తల్లి గుండె పట్టుకుంది.

"ఏం దొరికిందండీ?" అన్నారు పురోహితులు.

"హాబ్స్! న్యూ పేరిస్, ఒహాయో! మీరు కానివ్వండి, కానివ్వండి."

అక్షింతలు పడీ పడగానే ఆయన కుర్చీ చంకన పెట్టుకుని, పట్టుచీరలో ఉన్న సుమతిని భోజనం కూడా చెయ్యనివ్వకుండా బయల్దేరదీశారు. కుర్చీ తిరిగి తెస్తానని స్కూలు కాపలాదారుకి తన వాచీ ఇచ్చారు. ఇచ్చేముందు దాన్ని కూడా ఒకసారి వెనక్కి తిప్పి చూసుకున్నారు.

"నాకు ఆకలేస్తోంది," అంది సుమతి.

"సుమతీ, ఆ అతుకులు చూడు. వేలు పెట్టి చూడు. వెంట్రుకవాసి కూడా ఎగుడుదిగుడు లేదు."

"అతుకులు తినమంటారా?"

దారిలో బర్గర్ల కొట్టు దగ్గర ఆపి, ఆమెకు ఆలుగడ్డ వేపుడు కొనిపెట్టారు. ఆ పొట్లాన్ని తిరగెయ్యబోతే సుమతి చేతిమీద ఒక్కటి వేసింది.

న్యూ పేరిస్ ఊరి చివర పాత పశువులపాక. లోపల నీలి వెలుగులు చిమ్ముతూ వెల్డింగ్. ఎర్ల్ తలకు తొడుక్కున్న ముసుగు పైకెత్తి, పట్టుచీరనూ జుట్టులో పసుపు బియ్యాన్నీ రామమోహన్‌గారి చంకలోని కుర్చీనీ వరసగా చూశాడు.

"కుర్చీ విరిగిందా?" అన్నాడు. పలకరింపు లేదు.

"లేదు. బావుంది. అందుకే వచ్చాను. మా కారుకి సీటు ఫ్రేములు కావాలి ఎర్ల్."

"మీ జపాన్ కారుకా?"

"ఒహాయో కారుకి."

"పేరేదైనా వాళ్ళదే. వాళ్ళ కార్లేగా మన ఫ్యాక్టరీ మూయించింది."

"అవును. ఇప్పుడు ఆ కారు ఇక్కడ తయారుచేస్తున్నాం. ఫ్రేము మాత్రం ఓడెక్కే వస్తోంది. దాన్ని ఆపాలని వాషింగ్టన్‌లో బిల్లులమీద బిల్లులు రాస్తున్నారు. ఏదీ ఆగలేదు. నువ్వు వెల్డింగ్ చేసి ఆపు."

ఎర్ల్ చేతిలోని వెల్డింగ్ కడ్డీ బల్లమీద పెట్టాడు. పాకలో ఉన్న మిగతావాళ్ళు కూడా పని ఆపి చూస్తున్నారు. వాళ్ళలో బ్రిగ్స్‌విల్ మొహాలు కొన్నింటిని సుమతి గుర్తుపట్టింది. నిలబడలేక కుర్చీ విప్పి కూర్చుని, "ఎర్ల్, మా పెళ్ళిళ్ళు మీ చర్చి పెళ్ళిళ్ళలాంటివి కావు," అంది. "పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నానికి గానీ లేవం. మావాళ్ళు బరువులో ఎవరికీ తీసిపోరు. ఇవాళ మీ కుర్చీ ఒక్కటీ కిర్రుమనలేదు."

ఎర్ల్ నవ్వు ఆపుకోవాలని చూశాడు, కుదరలేదు. "ఆ ఆవకాయ ఇంకా పెడుతున్నావా?" అన్నాడు.

ఒప్పుకున్నాడుగానీ పని తేలిగ్గా కాలేదు. ఫ్యాక్టరీ మేనేజరు నిషిదాగారు మృదువుగా మాట్లాడే మనిషి. ఎర్ల్ పంపిన ఫ్రేమును వేలితో నిమిరి, "మళ్ళీ," అనేవారు. ఎర్ల్ తిట్టుకుంటూ మళ్ళీ చేసేవాడు. "మళ్ళీ." రామమోహన్‌గారు ఆ ఫ్రేముల్ని కారులో వేసుకుని అటూ ఇటూ తిరిగేవారు. వెనకసీట్లో ఫ్రేములుండటంతో నెలలపాటు విద్య తల్లి ఒళ్ళోనే ప్రయాణం చేసింది. చివరికొకరోజు నిషిదాగారు ఫ్రేమును నిమిరి, నిలబడి, నడుం వంచి ఎర్ల్‌కు నమస్కరించి, జపాన్ భాషలో ఏదో అన్నారు.

"ఏమన్నాడు?" అని గుసగుసగా అడిగాడు ఎర్ల్.

"నాకేం తెలుసు? నాకు ఆ భాష రాదు."

"ఇన్నేళ్ళు పనిచేసీ?"

"మంచిమాటే అయ్యుంటుంది. ఇదివరకెప్పుడూ అంత వంగలేదు."

పశువులపాక కాస్తా పెద్ద షెడ్డయింది. బ్రిగ్స్‌విల్‌నుంచి చెదిరిపోయినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరారు.

1988లో ఒక విచిత్రం జరిగింది. ఒహాయోలో తయారైన కార్లను ఓడెక్కించి జపాన్‌కు అమ్మడానికి పంపారు. అలా వెళ్ళే మొదటి కారు ఫ్యాక్టరీ లైనుమీంచి దిగేరోజు వేడుక చేశారు. కుటుంబాలను పిలిచారు. ఎర్ల్ బృందమంతా ఇస్త్రీ చొక్కాలతో వచ్చి వరసగా నిలబడ్డారు. రామమోహన్‌గారు అతిథులకు పెట్టిన కాఫీ కప్పుల దగ్గర ఉన్నారు. ఏం చేస్తున్నారో చెప్పక్కర్లేదు.

సుమతి సిగ్గుతో పక్కనున్న నిషిదాగారితో, "క్షమించండి. మీ ఆఫీసులో కూడా ఇంతేనా?" అంది.

"నా టీ కప్పు రోజూ," అన్నారు నిషిదాగారు. "ఎందుకో నాకు తెలుసు. ఉద్యోగానికి ఇంటర్‌వ్యూ చేసిన రోజున జీతం ఎంతని అడుగుతారనుకున్నాను. ఆయన అది అడగలేదు. మా పాత ఫ్యాక్టరీవాళ్ళు వీధిన పడ్డారు, వాళ్ళు ఎక్కడైనా షెడ్డు వేసుకుని మంచి సరుకు చేస్తే కొంటారా, అని అడిగారు. సరుకు మంచిదైతే కొంటానన్నాను. ఉద్యోగం వచ్చాక అది చెప్పడానికి వెళ్తే ఎవరూ వినిపించుకోలేదట. ఎక్కడికి పోయారో కూడా తెలీదన్నారు. మరెలా వెతుకుతారంటే, వాళ్ళ చేతులు ఊరుకోవు, ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు, చేసినదానికింద ఊరి పేరుంటుంది, అన్నారు."

సుమతి కప్పుల దగ్గరున్న మొగుడివైపు చూసింది. కంచాలు, శఠగోపం, జగదీష్‌గారి భుజం, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఇన్నేళ్ళూ ఆయన్ని మోచేత్తో పొడిచిందే పొడిచింది. ఇప్పుడు ఆ హాలులో ఉన్నవాళ్ళందరినీ మోచేత్తో పొడిచి, "అదుగో, ఆయనే మావారు," అని చెప్పాలనిపించింది.

కారు లైనుమీంచి దిగింది. చప్పట్లు మోగాయి. ఎర్ల్ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "నేను మాత్రం చచ్చినా ఈ కారు కొనను రామ్, ముందే చెబుతున్నా," అన్నాడు.

"కొనొద్దు. ఒక్కసారి కూర్చో."

ఎర్ల్ తలుపు తీసి కూర్చున్నాడు. ఒక కుదుపు కుదిపి చూశాడు. కిర్రుమనలేదు. వెనక్కి వాలాడు. కళ్ళు మూసుకున్నాడు. ఫొటోలవాళ్ళు తీసుకోవడం అయిపోయింది. ఉపన్యాసాలు అయిపోయాయి. వెనకనించి రెండో కారు వచ్చి ఆగింది. ఎర్ల్ దిగలేదు.

నిషిదాగారు కిటికీ దగ్గర వంగి, ఎంతో మర్యాదగా, "హాబ్స్‌గారూ, ఈ కారు ఓడరేవుకి వెళ్ళాలి," అన్నారు.

"వెళ్ళనివ్వండి," అన్నాడు ఎర్ల్, సీటుబెల్టు పెట్టుకుంటూ. "జపాన్ దాకా నేనూ ఇలాగే వస్తున్నాను."