గులాబి పువ్వుల అచ్చుకి తాళాలు

ఆ రోజుల్లో ఏ వస్తువునీ దాని పనిలో దాన్ని ఉండనివ్వకూడదని నాకో పట్టుదల. ఫిల్మ్‌నగర్‌లో ఒక ఆర్ట్ డైరెక్టర్ గారి దగ్గర మూడో అసిస్టెంటుగా కొత్తగా చేరాను (మొదటి ఇద్దరూ పని చేసేవారు, నేను మేకులు పట్టుకుని నిలబడేదాన్ని). అక్కడ అట్ట గోడవుతుంది, థర్మోకోల్ రాయవుతుంది. ఆ విద్య ఇంట్లో కూడా చూపించకపోతే ఎలా అనిపించేది. దానికి తోడు ఫోన్లో పాత వంటసామాన్లతో ఇల్లు సర్దేసే వీడియోలు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

ఒక ఆదివారం అమ్మ చర్చికి వెళ్లగానే వెంగళరావు నగర్‌లోని మా అద్దె ఇంట్లో అటకెక్కాను. అమ్మ వచ్చేసరికి ఇడ్లీ రేకుల గుంటల్లో నా జుంకాలు, పాత పోపుల డబ్బాలో సూదులూ గుండీలూ, జంతికల గొట్టంలో పెన్నులూ కొలువుదీరాయి. అన్నిటికంటే నాకు గర్వంగా ఉన్నది గులాబి పువ్వుల అచ్చు. అదే, కాగిన అచ్చుని పిండిలో ముంచి నూనెలో పెడితే పువ్వు విడివడి తేలుతుందే, ఆ ఇనప అచ్చు. జిడ్డోడుతూ నల్లగా ఉంటే గరుకు కాగితంతో రుద్ది రుద్ది వెండిలా మెరిపించి, కాడని గోడకి బిగించి, రేకులకి ఇంటి తాళాలు తగిలించాను. అమ్మ బైబిలు చంకలో పెట్టుకునే ఒక్కొక్కటీ చూసింది. పాత సామానే కదమ్మా అన్నాను.

"అటక మీదున్నవి పాతవి కావే, పండక్కి దించేవి" అంది.

తిట్టలేదు. క్రిస్మస్ ఇంకా నెలన్నర ఉంది, ఈలోగా దీని సరదా తీరుతుందిలే అనుకుని ఉంటుంది. తీరలేదు సరికదా, ఆ గోడని ఫొటో తీసి గురువుగారికి పంపాను (మెప్పు కోసమే, ఒప్పుకుంటాను). ఆయన అప్పుడే హీరోయిన్ ఉండే అద్దెగది సెట్ వేస్తున్నారు. అన్నీ పట్టుకొచ్చెయ్యమన్నారు. రెండు రోజుల్లో తెచ్చేస్తానని అమ్మ చేతిలో చెయ్యేసి చెప్పి, ఆటోలో వేసుకుపోయాను.

మా పనిలో ఒక నియమం ఉంది. కెమెరా ఒకసారి చూసిన వస్తువుని ఆ సీను పూర్తయ్యేదాకా వెంట్రుకవాసి కదపకూడదు. హీరోయిన్ గారు గదిలోకి వచ్చి, తాళాలు అచ్చుకి తగిలించి, వెనక్కి తిరగాలి. తగిలించడం వరకు తీశారు. ఆవిడకి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గేసరికి ఆవిడ డేట్లు ఇంకో సినిమాకి వెళ్లిపోయాయి. మిగతాది జనవరిలో అని సెట్‌కి తాళం వేశారు. ఇంట్లో అమ్మ క్యాలెండర్‌ని చూసి నన్ను చూసేది. కొత్తది కొందామంటే కొత్త అచ్చు పిండిని వదలదంది. ఇది ఏలూరులో అమ్మమ్మ వాడిన అచ్చు. ఆవిడ పోయినా ప్రతి క్రిస్మస్‌కీ ఆవిడ చేతి పువ్వే మా ఇంట్లో విచ్చుకుంటోందని అమ్మ నమ్మకం. ఈ మాట నాతో అనలేదు, పక్కింటావిడతో చెబుతుంటే విన్నాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

పండగ నాలుగు రోజులుందనగా అమ్మ చర్చికి కట్టుకునే చీర కట్టుకుని ఫిల్మ్‌నగర్‌లో సెట్ ముందు ఆటో దిగింది. ప్రొడక్షన్ మేనేజర్ గారు తలుపుకి అడ్డంగా నిలబడ్డారు.

"గది ముట్టేది లేదమ్మా. హీరోయిన్ గారు వచ్చేదాంక గట్లనే ఉండాలె. జనవరిల తీస్కపోండ్రి."

అమ్మ ఎంతో మర్యాదగా చెప్పింది. "ఏసుప్రభువు మీ హీరోయిన్ గారి డేట్లు చూసుకుని పుట్టలేదు కదండీ."

వెనకనుంచి గురువుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. అచ్చు చుట్టూ గోడ మీద సుద్దముక్కతో గీత గీయించి, ఇరవయ్యారో తారీఖు పొద్దున్నకల్లా అదే చోట, అదే వాటంలో, అదే మెరుపుతో ఉండాలని నాతో చెప్పి, ఇచ్చి పంపారు.

తీరా చూస్తే ఆ మెరుపే మా కొంప ముంచింది. నేను రుద్దింది జిడ్డు కాదు, అమ్మమ్మ ఏళ్లతరబడి పట్టించిన నూనె. మొదటి వాయిలో ఒక్క పువ్వూ ఊడి రాలేదు. అమ్మ రెండు రోజులు దాన్ని నూనెలో కాచీ నానబెట్టీ మళ్లీ నల్లబరిచింది. విరిగిన ముక్కలన్నీ నా చేత తినిపించింది. మూడో రోజున పువ్వు దానంతటదే విడివడి నూనెలో తిరుగుతుంటే అమ్మ చీరకొంగుతో కళ్లు తుడుచుకుంది. పొయ్యి సెగ అంది.

ఇరవయ్యారున సెట్‌లో అచ్చూ గరుకు కాగితమూ చేతిలో పెట్టుకుని నిలబడ్డాను. రుద్దితే ఉద్యోగం నిలుస్తుంది, అమ్మ పట్టించిన నూనె మళ్లీ పోతుంది. ఆ కాగితం మడిచి సంచీలో పెట్టి, నల్లటి అచ్చునే సుద్దగీతలో బిగించి, గీత తుడిచేశాను. జనవరిలో షాట్ తీస్తున్నంతసేపూ గురువుగారి వెనకే నక్కి నిలబడ్డాను. హీరోయిన్ ఎదురుగా ఉండగా అచ్చుని చూసే తీరిక ఎవరికుంది, గురువుగారు కూడా చూడలేదు (లేక చూడనట్టు ఊరుకున్నారేమో, అడిగే ధైర్యం నాకిప్పటికీ లేదు).

సినిమా విడుదలయ్యాక అమ్మని తీసుకెళ్లాను. తెరమీద హీరోయిన్ తాళాలు తగిలించింది, అచ్చు తళతళ మెరిసింది. వెనక్కి తిరిగింది, అచ్చు కారు నలుపు. అమ్మ నా చెవి దగ్గరకి వంగింది.

"ఈ రెంటి మధ్యేనే మన పండగ."

ఇప్పుడు నా దగ్గరా అసిస్టెంట్లున్నారు. కుర్చీ జానెడు జరిగినా వాళ్లని కేకలేస్తాను. టీవీలో ఆ సినిమా వస్తే మాత్రం ఆ ఒక్క తప్పు కోసం కూర్చుంటాను. గరుకు కాగితం మడిచి సంచీలో పెట్టుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది, కొంచెం గర్వంగానూ ఉంటుంది. అచ్చు మా అటక మీదే ఉంది, నల్లగా, జిడ్డోడుతూ.