తలలోకి ఎక్కని మల్లెలు

సాయంత్రం హాసిని మూర మల్లెపూలు తెచ్చి నా కుట్టుమిషను మీద పెట్టి, "జడలో పెట్టు చిన్నమ్మా" అంది. ఎండాకాలం కల్లూరులో ఏ ఇంటి ముందైనా వచ్చే వాసనే. నాకు మాత్రం అది బాలింత గది వాసన. వాళ్లమ్మ సరళక్క పడుకున్న గది.

ఈ దుకాణం సరళక్కదే. సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి నాకు నేర్పింది ఆమే. కుట్టు వంకరపోతే తిట్టేది కాదు. "ఇప్పేదానికి సిగ్గెందుకు పాపా? తెలిసీ అట్లే ఇడిసిపెడితే సిగ్గు" అనేది. పెళ్లయిన చాలా ఏళ్లకు కడుపు పండింది. ఐదో నెలలో తన జాకెట్టే వదులు చేసుకుంటుంటే రొమ్ములో గడ్డ తగిలింది. "పాలగడ్డలే, కాపడం పెడితే కరిగిపోతాది" అంది వాళ్లత్త. మేమంతా తలలూపాం. కరగలేదు. చివరికి కర్నూలులో ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సరని తేలింది.

"మూడు నెలలు దాటాయి కాబట్టి కడుపుతో ఉన్నా మందు ఎక్కించవచ్చు. కాన్పుదాకా ఆగితే తల్లికే ప్రమాదం" అంది డాక్టరమ్మ. ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. "బిడ్డకేమన్నా అయితే? పుట్టినాక చూసుకుందాం" అని అత్త ఏడ్చింది.

"బిడ్డ పుడితే సాలునా అత్తా? ఎత్తుకునేదానికి నేనుండొద్దా?" అంది సరళక్క.

ఆసుపత్రికి తోడు నేనే వెళ్లాను. మందు ఎక్కుతున్నంతసేపూ ఆమె కడుపు మీది చెయ్యి తీయలేదు. బిడ్డ కదిలితే "ఈడనే ఉండాది" అని నాకు చెప్పేది. నాకు ఏడుపు ఆగేది కాదు.

జుట్టంతా రాలిపోయింది. హాసిని చిన్నగానే పుట్టినా ఆరోగ్యంగా పుట్టింది. కానీ మందులు మళ్లీ మొదలుపెట్టాలి, పాలివ్వకూడదన్నారు. పాలకేం తెలుస్తుంది? బిడ్డ ఏడ్చినప్పుడల్లా జాకెట్టు తడిసిపోయేది. పాలు ఇంకిపోవాలని అత్త మల్లెపూలు తెచ్చి రొమ్ములకు కట్టింది. సరళక్క బోడితల తడుముకుని, "చూడు పాపా, తల్లో పెట్టుకుందామంటే ఎంటికలు లేవు. పూలకు ఈడ పనిబడింది" అని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది.

హాసినికి రెండేళ్లు నిండకముందే ఆమె పోయింది. ఆ మందులు వృథా అని నేననను. వాటివల్లే బిడ్డ నోట అమ్మా అన్న పిలుపు వింది. ఇప్పుడు నిండు కడుపుతో జాకెట్టు వదులు చేయించుకోవడానికి ఎవరొచ్చినా, "గడ్డేమన్నా తగుల్తాండాదా? పాలగడ్డని ఊరుకోవద్దు, చూపించుకో" అంటాను. కొందరు కోప్పడతారు. పడనీ.

ఇన్నాళ్లూ హాసినికి కనకాంబరాలే పెట్టాను. ఇవాళ మల్లెలు పెట్టాను. అద్దంలో చూసుకుని, "మా అమ్మ గూడా పెట్టుకునేదా?" అంది.

"పెట్టుకునేది" అన్నాను. ఆఖరిసారి ఎక్కడ పెట్టుకుందో అడగలేదు, బతికిపోయాను.