సైదులు పేరు మీద నేను మార్చిన మాట

ఏళ్ల తరబడి ఒక సంగతిని మింగలేక కక్కలేక తిరుగుతున్నాను. ఇవాళ మీ ముందు కక్కేస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర లేదు. ఒకటి మాత్రం ముందే చెబుతున్నాను, ఏడుస్తూ చెప్పను. నేను చేసినదాంట్లో సగానికి నాకిప్పటికీ సిగ్గు లేదు. మిగతా సగమే నన్ను తినేస్తోంది.

రాష్ట్రం వచ్చిన కొత్తలో నల్లగొండలో ఒక చిన్న శిక్షణ కేంద్రంలో పనిచేసేదాన్ని. వెబ్ సర్వర్‌ను ఎలా అమర్చుకోవాలో తెలుగులో రాసి నెట్‌లో పెట్టడం మా పని. మన దిక్కు కాలేజీల వాళ్లు ఆ పేజీలు చూసి తమ సర్వర్లు తామే నడుపుకోవాలని మా ఆశ. రాసేవాళ్లం నలుగురం, ఒక్కొక్కరిది ఒక్కో మాట. వెబ్‌సైటు ఫైళ్లన్నీ ఉండే చోటును ఇంగ్లిష్‌లో రూట్ అంటారు. దాన్ని ఒక పేజీలో మూలం అని, ఇంకో పేజీలో వేరు అని, మరో పేజీలో ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాశాం. అవన్నీ ఒకటేనని చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది? అన్ని పేజీల్లో ఒకే మాట ఉండాలని మీటింగ్ పెట్టారు.

నేను ‘అసలు జాగా’ అన్నాను. పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు ఆ మాటే వాడేదాన్ని, చెప్పగానే అర్థమయ్యేది. పరిశీలించడానికి సిటీ నుంచి వచ్చిన పెద్దాయన పెదవి విరిచాడు. బజారు మాటలా ఉందట! ‘మూలస్థానం’ అని ఖాయం చేయించి వెళ్లాడు. నా ఒళ్లు మండిపోయింది. మా అవ్వ, మా నాయిన బతుకంతా మాట్లాడిన మాట, రాష్ట్రం వచ్చాక కూడా రాతలోకి రావడానికి పనికిరాదా? అప్పుడూ అడిగాను, ఇప్పుడూ అడుగుతున్నాను.

పేజీలు నెట్‌లోకి ఎక్కే రోజు మధ్యాహ్నం అందరూ అన్నానికి వెళ్లారు. మా ఆఫీసులో ఒక అలవాటు ఉండేది. పొద్దున ముందు వచ్చినవాళ్లు తమ పేరుతో కంప్యూటర్ తెరిస్తే, ఇక సాయంత్రం దాకా అందరి పనీ ఆ పేరు మీదే నడిచిపోయేది. ఆ రోజు ముందు వచ్చినవాడు సైదులు. మోత్కూర్ దగ్గరి పల్లె అతనిది. అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్లు, ఆ ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటివాడు అతనే. ఇంకా పర్మినెంట్ కాలేదు. అన్ని పేజీల్లో ‘మూలస్థానం’ పెట్టే పని అతనిదే, అది ఇంకా సగంలోనే ఉంది. నేను అతని కుర్చీలో కూర్చుని మూలం, వేరు, మూలస్థానం, ఇంగ్లిష్ రూట్, ఏది కనిపిస్తే అది, అన్ని పేజీల్లో ఒకేసారి ‘అసలు జాగా’గా మార్చేశాను. లేచి వెళ్లి నా టిఫిన్ డబ్బా తెరిచాను. ఎంత కమ్మగా తిన్నానో!

బోల్తా పడింది ఇక్కడే. ఆ పేజీల్లో మన వివరణతో పాటు, సర్వర్‌లోకి ఉన్నదున్నట్టు దించుకోవాల్సిన నమూనా లైన్లు కూడా ఉంటాయి. వాటిలో రూట్ అన్నది సర్వర్‌కు ఇచ్చే ఆజ్ఞ, ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి. నా కోపంలో అవి కూడా మారిపోయాయి. దేవరకొండలో ఒక కాలేజీ వాళ్లు మా లైన్లను అలాగే దించుకున్నారు. అడ్మిషన్ల చివరి రోజు వాళ్ల సైటు లేవనే లేదు. తండాల నుంచి వచ్చిన పిల్లలు సాయంత్రం దాకా నిలబడ్డారు. గడువు పెంచారు కాబట్టి వాళ్ల సీట్లు పోలేదు. పోయింది సైదులు ఉద్యోగం.

మార్పు ఎవరి పేరు మీద జరిగిందో చూశారు, అతని పేరే ఉంది. కేంద్రం నడిపే మా సార్ గదిలోకి పోయే ముందు అతను నా దగ్గరికి వచ్చాడు.

“అక్కా, నువ్వేమన్న మార్చినవా? నాకైతే యాదికి లేదు.”

“నేనేం మార్చలే తమ్మీ.”

“మరి నేనే చేసిన్నేమో. నీ మాటే నోట్ల నానుతుండె, తొందరల గదే కొట్టినట్టున్న.”

“గట్లనే అయితది. ఫికర్ చేయకు, నేను సార్‌తోని మాట్లాడ్త.”

మాట్లాడలేదు. లోపల అతను చెయ్యని తప్పుకు క్షమాపణ చెప్పుకోవడం తలుపు అవతల నిలబడి విన్నాను. నేనైతే పర్మినెంట్, నాకు మెమో ఇచ్చి ఊరుకునేవాళ్లు. ఎందుకు నోరు మెదపలేదు? నేను ఒప్పుకుంటే ఆ పెద్దాయన, బజారు మాట పెడితే ఇంతే మరి అని నవ్వుతాడని, మా మాట పరువు పోతుందని, అందుకే ఆగానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? ఉత్త భయం కాదూ? రెండూ ఉన్నాయి. ఏది ఎంతో తేల్చుకోలేకపోతున్నాను.

తర్వాత నమూనా లైన్లు సరిచేశారు. ‘అసలు జాగా’ను మాత్రం అలాగే ఉంచమని కాలేజీల వాళ్లే అడిగారు. ఇప్పటికీ ఆ పేజీల్లో అదే ఉంది. ఆ మాట కోసం వాదించానని నాకు స్టేజీ మీద శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

పోయిన ఎండాకాలం ఆలేరు స్టేషన్లో సైదులు కనిపించాడు. ధాన్యం వ్యాపారి దగ్గర కాంటా పెడుతున్నాడట. కంప్యూటర్ పని ఎందుకు వదిలేశావని అడిగాను, అడిగే ముఖం నాకు లేకపోయినా. “నా చెయ్యి ఆగమాగం అక్కా, నాతోని గా పని కాదు” అని నవ్వాడు. పక్కనున్న భార్యకు నన్ను చూపించాడు. “గప్పుడు అందరు నన్ను తిట్టిన్రు. గీ అక్క ఒక్కతే నా దిక్కు నిలవడ్డది.” ఆమె నాకు దండం పెట్టింది. రైలు వచ్చింది. ఎక్కేశాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. ఆ మాట కోసం మళ్లీ కొట్లాడాల్సి వస్తే కొట్లాడతాను, ఎవరేమనుకున్నా సరే. ఇది రాశాక గుండె కొంచెం తేలికపడింది, అబద్ధమెందుకు చెప్పాలి. ఇక అతనికి చెప్పాల్సింది ఉంది. ఆ రోజు స్టేషన్లో రాని మాట ఇక్కడైనా రాస్తున్నాను.

తమ్మీ, నీ చెయ్యి మంచిగనే ఉండె. నువ్వు గప్పుడు అన్నం తింటున్నవు. నీ కుర్సీల కూసున్నది నేను.