గజేందర్ తుడిచేసిన పచ్చబొట్టు

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో మెట్లెక్కి పోతే గజేందర్ ఫోటో స్టూడియో. ఫోన్లొచ్చి స్టూడియోల నోట్లో మట్టి కొట్టాయని అందరూ అంటారుగానీ, పాస్‌పోర్టు ఫోటోకు మాత్రం ఇంకా ఆయన దగ్గరికే రావాలి. హాల్‌టికెట్టు కోసం పరుగెత్తుకొచ్చే పిల్లలు "జర తెల్లగ చెయ్యన్నా" అంటారు. నాగోల్ అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చే కోస్తా ఆడవాళ్లు "కాస్త కలర్ వచ్చేలా చూడండి బాబూ" అంటారు. యాసలు రెండు, ఆశ ఒక్కటే! మొటిమ, మచ్చ, గాటు, ఏది కనబడినా గజేందర్ మౌస్ పట్టి ఊడ్చేస్తాడు. ఇరవై రెండేళ్ల అలవాటు మరి, చెయ్యి ఊరుకుంటుందా?

మనసు మాత్రం ఆదివారాల మీదే. ఆ రోజు కెమెరా మెడలో వేసుకుని బయల్దేరతాడు. బోనాలకు ఒళ్లంతా పసుపు పూసుకుని కొరడా ఝుళిపించే పోతరాజులు, తీన్మార్ డప్పు కొట్టేవాళ్లు, ఎల్‌బీ నగర్ అడ్డాలో పొద్దున్నే కూలి కోసం నిలబడే ఆడా మగా, అందరినీ బతిమాలి ఫోటోలు తీసి, ఫ్రేము కట్టించి ఊరికే ఇస్తాడు. ఎందుకీ పిచ్చి అంటారా? ఆ అడ్డాలోనే నిలబడి, తట్టలు మోసి, ఆయనకు మొదటి కెమెరా కొనిపెట్టింది తల్లి భూలక్ష్మి. రెండేళ్ల కిందట ఆమె పోయినప్పుడు చూసుకుంటే, ఊరందరికీ ఫోటోలు తీసిన ఈ మహానుభావుడి దగ్గర తల్లి ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు! దీపం కిందే చీకటి. చివరికి ఆధార్ కార్డు మీది ముఖాన్నే పెద్దది చేసి, మెడ కింద పట్టుచీర అతికించి, స్టూడియో గోడకు తగిలించుకున్నాడు. రోజూ అగరొత్తులు వెలిగిస్తాడు.

మొన్నామధ్య ఒక పొద్దున సైదమ్మ మెట్లెక్కి వచ్చింది. ఇప్పుడు బస్‌స్టాప్ దగ్గర పూలమ్ముతుందిగానీ, భూలక్ష్మితో కలిసి పదేళ్లు తట్ట మోసిన మనిషి. గజేందర్ నెలరోజులు వెంటపడితేగానీ ఫోటోకు ఒప్పుకోలేదు. పూలబుట్ట దించి, స్టూలు మీద కూర్చుని గోడ వంక చూసింది.

"గా సావుకారమ్మ ఎవలు బిడ్డా?"

"గదేంది చిన్నమ్మా! అమ్మనే గద!"

సైదమ్మ లేచి దగ్గరికెళ్లి తేరిపార చూసింది.

"నొసట పచ్చబొట్టేది? ఇటుక పడి కనుబొమ్మ చీలింది గద, గా గాటేది?"

"మచ్చలని... తుడిచేసిన" అని నసిగాడు గజేందర్.

"మచ్చలా? జాతరల ఇద్దరం పక్కపక్కన కూసోని పొడిపించుకున్న పచ్చబొట్టురా అది! నొప్పికి మీయమ్మ నా చెయ్యి ఇడిస్తే ఒట్టు." తన నుదుటి మీది మూడు చుక్కలు వేలితో చూపించింది. "ఇయ్యి గూడ తుడిచేస్తవా? గట్లయితే నాకొద్దు నీ ఫోటో."

బుట్ట ఎత్తుకుంది.

గజేందర్ గోడ మీది ఫోటో వైపు తిరిగాడు. అయ్యో, మరి రెండేళ్లుగా ఎవరికి అగరొత్తులు వెలిగిస్తున్నట్టు?

"పది నిమిషాలు కూసో చిన్నమ్మా, నీ కాళ్లు మొక్కుత" అని కంప్యూటర్ ముందు కూలబడ్డాడు. దిద్దిన ఫోటో మిగిలి అసలుది పోయిందేమోనని భయం. స్కాన్ చేశాక కార్డు కూడా దినాల గందరగోళంలో ఎక్కడో పోయింది. ఒక్కొక్క ఫోల్డరూ తెరిచాడు, మూశాడు. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, ఎవరెవరి ముఖాలో. ఆఖరికి ఒక మూలన "అమ్మ" అని కనబడింది, లోపల దిద్దని ఫోటో. దేన్నీ ముట్టుకోకుండా, ఉన్నదున్నట్టు ప్రింటు తీశాడు. ముఖం మసగ్గానే ఉంది. అయినా గాటు ఉంది, మూడు చుక్కలూ ఉన్నాయి.

సైదమ్మ దాన్ని రెండు చేతులా అందుకుంది.

"ఏడవోయినవే లచ్చక్కా ఇన్నొద్దులు!"

బుట్టలోంచి మూరెడు కనకాంబరాలు తెంపి ఫోటో మీద పెట్టింది. అంతే, గజేందర్ చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"మాయమ్మను నాకు మళ్ల ఇచ్చినవ్ చిన్నమ్మా. నీ మేలు సచ్చేదాక మర్వ."

"మేలు లేదు, ఏం లేదు." సైదమ్మ వెళ్లి స్టూలు మీద మళ్లీ కూర్చుంది, కొంగు సర్దుకుంది. "తుడిస్తే నీ కండ్లు తుడుసుకో, నా మొఖం మాత్రం తుడువకు. ఇగ జల్ది తియ్యి, పూలు వాడిపోతున్నయ్."